నేను పైకి చదవని ఉత్తరం

పదిహేనేళ్ళుగా ఒక ఉత్తరాన్ని మోస్తున్నాను. కాగితానికి బరువేంటి అంటారేమో. ట్రంకుపెట్టె అడుగున పాత పంచాంగాల కింద పడుంది. అయినా నేను ఇంట్లో ఏ మూల కూర్చున్నా అది ఎటుపక్క ఉందో నా వీపుకి తెలుస్తూనే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే దమ్ముంటే ఇన్నేళ్ళు ఎందుకు ఆగుతాను?

ముందు సినిమా సంగతి. పేరు చెప్పను. చెబితే నా పేరూ బయటపడుతుంది. చైనా యుద్ధం మీద తీసిన సినిమా, ఢిల్లీలో బహుమతి వచ్చింది. కథ నాది. చూసినవాళ్ళు కథంతా మరిచిపోయి ఉండొచ్చు గానీ ఉత్తరం సీను మరిచిపోయి ఉండరు. సరిహద్దు నుంచి కొడుకు రాసిన ఉత్తరాన్ని, చదువురాని తల్లికి ఊరి మేస్టారు చదివి వినిపిస్తాడు. "అమ్మా, నువ్వు ఏడవకు. నువ్వు ఏడిస్తే ఇక్కడ నా తుపాకీ తడుస్తుంది." హాల్లో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. మగవాళ్ళు ఊరికే దగ్గేవాళ్ళు.

ఆ మాట నేను సినిమా కోసం రాయలేదు. ఒక నిజమైన తల్లి నా ఎదురుగా కూర్చుని ఉండగా, అప్పటికప్పుడు నోటితో అల్లాను.

మాది తెనాలి. అరవై రెండులో రేపల్లెలో బడిపంతులుగా చేస్తూ శేషమ్మగారింట్లో ముందుగదిలో అద్దెకుండేవాణ్ణి. ఆవిడకి భర్త పోయాడు. కొద్దిపాటి పొలం కౌలుకిచ్చి, ఒక గేదెను పెట్టుకుని బతికేది. ఒక్కడే కొడుకు, కోటి. మిలటరీలో చేరాడు. వాడి దగ్గర్నుంచి ఉత్తరం వస్తే ఆవిడ కాళ్ళు కడుక్కుని వచ్చి, చాప వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను చదివేవాణ్ణి. వాడు రాసేది నాలుగు ముక్కలు. క్షేమం. చలి ఎక్కువ. గోంగూర పచ్చడి పంపు. అయిపోయాక కూడా ఆవిడ ఇంకా ఏదో ఉందన్నట్టు కాగితం వైపే చూసేది. ఆ చూపు నేను భరించలేకపోయేవాణ్ణి. "గేదె ఈనిందా అని అడిగాడు పిన్నిగారూ" అని కలిపేవాణ్ణి. ఆవిడ ముఖం చేటంత అయ్యేది. ఉత్తరాలు చదివిపెట్టేవాళ్ళందరూ అంతో ఇంతో చేసే పనే ఇది. పైగా నేను నాటకాలు రాసేవాణ్ణి, ఊరుకుంటానా? పాపమని ఎప్పుడూ అనుకోలేదు. మొదలైంది అక్కడే.

చైనావాళ్ళ కబుర్లు పేపర్లో జోరుగా వస్తున్న రోజులు. ఎక్కడ చూసినా మీటింగులే. వచ్చే ఆదివారం బాపట్లలో నేను కూడా మాట్లాడాలి. ఉపన్యాసం రాసుకుంటుంటే పోస్టు వచ్చింది. నాకో అలవాటు, ముందు లోపల ఒకసారి చదువుకుని తర్వాత పైకి చదవడం. కోటి ఆసారి నాలుగు ముక్కలు రాయలేదు. కాగితం నిండా రాశాడు.

"అమ్మా, నాకు భయంగా ఉంది. పది రోజుల్లో మమ్మల్ని పైకి పంపిస్తారంట. ఈలోగా ఇంటి దగ్గర్నుంచి టెలిగ్రాం వస్తే సెలవు దొరుకుద్ది. నీ ప్రాణం మీదికొచ్చిందని మేస్టారి చేత టెలిగ్రాం కొట్టించు. తప్పని తెలుసు. నన్ను పిలిపించమ్మా."

మా వైపు అప్పట్లో అదేం వింత కాదు. పెళ్ళికి సెలవు దొరక్కపోతే నిక్షేపంలా ఉన్న తాతని టెలిగ్రాంలో చంపేసేవాళ్ళు. నేనే ఇద్దరు ముగ్గురికి రాసిపెట్టాను కూడా. మరి ఆ రోజు ఏమైంది నాకు?

దేశభక్తి అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఛ, దేశభక్తి కాదు. సిగ్గు. వాడి భయం చూసి నాకు సిగ్గేసింది. వెచ్చగా గదిలో కూర్చుని ఉపన్యాసం రాసుకుంటున్న నాకు, మంచుకొండ ఎక్కబోతున్నవాడి పిరికితనం చూసి సిగ్గేసింది! ఇది తల్లికి ఎలా చదవను అనుకున్నాను. ఆవిడ అప్పటికే కళ్ళొత్తుకుంటోంది. నోరు తెరిచాను. తుపాకీ తడుస్తుంది అన్నాను. ఆవిడ ఏడుపు టక్కున ఆగిపోయింది. నా మాటకి అంత బలముందని నాకు అప్పుడే తెలిసింది. ఇక ఆగలేదు, ఇంకా నాలుగు మాటలు చదివాను, అన్నీ నావే. ఏ నాటకంలోనూ నాకు అంత బాగా కుదరలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది, ఆ క్షణంలో నేను సంతోషపడ్డాను.

బాపట్లలో చదువుతానని చెప్పి ఆ ఉత్తరం అడిగి తీసుకున్నాను. మీటింగులో దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకుని, లేని మాటలన్నీ మళ్ళీ చదివాను. ఆడవాళ్ళు యుద్ధనిధికి గాజులు తీసి ఇచ్చారు. ఇంకెక్కడికి వెనక్కి వెళ్ళను?

నెల తిరక్కుండానే టెలిగ్రాం వచ్చింది. మేం ఇవ్వాల్సింది ఇవ్వలేదు, అటు నుంచి వచ్చింది. అదీ నేనే చదివాను. దానికి ఏమీ కలపలేదు.

తర్వాత ఆవిడ ఉత్తరం అడిగితే బాపట్ల జనంలో పోయిందన్నాను. పోనీలేవయ్యా, మాటలు గుర్తున్నాయిగా అంది. ఆ మాటల్నే నాటకం చేశాను. మద్రాసు నుంచి వచ్చి చూసినవాళ్ళు సినిమా చేశారు. తెనాలిలో ఆడుతున్నప్పుడు నేనే వెళ్ళి శేషమ్మగారిని తీసుకొచ్చి మ్యాట్నీ చూపించాను. రేపల్లె రైలు కోసం స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ నా వైపు తిరిగింది.

"మేస్టారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవుగా?"

"అడగండి పిన్నిగారూ."

"మావాడు చిన్నప్పుడు ఉరిమితే నా కొంగులో దూరేవాడయ్యా. అంత ధైర్యం ఎట్టా వచ్చిందో వాడికి. ఆ ఉత్తరంలో ఎక్కడన్నా... ఇంటికి రావాలనుందని రాయలేదా?"

"లేదండి."

"రాసుంటే చచ్చిపోతున్నానని టెలిగ్రాం కొట్టించేదాన్ని. అబద్ధమైతే ఏంటి? నా బిడ్డ కంటే ఎక్కువా?"

రైలొచ్చింది. కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టాను. సినిమా బాగా తీశారయ్యా అని చెప్పింది, వెళ్ళిపోయింది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అక్కడితో ఆగినా బాగుండేది.

మొన్న తెనాలిలో సినిమా పిచ్చోళ్ళు కొందరు ఆ సినిమా మళ్ళీ వేశారు. తర్వాత చర్చ. దీనికొచ్చిన గొప్ప పేరు ఇన్నేళ్ళ తర్వాత కూడా తగునా అని. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. బాపట్ల నుంచి వచ్చిన ఒక కుర్ర లెక్చరర్ లేచాడు. ఫొటోగ్రఫీ బాగుంది, తల్లి వేషం బాగుంది, కానీ ఆ ఉత్తరం పచ్చి అబద్ధం సార్ అన్నాడు. చావు ఎదురుగా ఉన్నవాడు అమ్మకి అలా రాయడు, ఇది ఇంట్లో కూర్చున్నవాడు రాసిన ఉత్తరం అన్నాడు. దొరికిపోయాను అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. ఇన్నాళ్ళకి ఒకడు పట్టుకున్నాడు! లేచి అవును బాబూ అంటే సరిపోయేది. లేచాను. "ఆ ఉత్తరం నేను నా చేతుల్తో పట్టుకుని చదివానయ్యా. ఆ తల్లి ఇంకా రేపల్లెలో ఉంది" అన్నాను. చప్పట్లు. ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి, తప్పుగా మాట్లాడాను క్షమించండి మేస్టారూ అని దణ్ణం పెట్టాడు. ఆ సభలో నిజం మాట్లాడింది వాడొక్కడే. వాడి చేత క్షమాపణ చెప్పించుకున్నాను. ఎంత సిగ్గులేని మనిషిని నేను!

ఇంతకీ సినిమాకి అంత గొప్ప పేరు తగునా? నన్నడిగితే ఏం చెప్పను? మొన్న చూస్తుంటే ఆ సీనులో నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా అబద్ధానికి నేనే ఏడ్చాను. బాగా తీసిన సినిమానే, కాదనను. కానీ అందులో కోటి లేడు. భయపడి కూడా కొండెక్కినవాడు కోటి. నేను చూపించినవాడికి అసలు భయమే తెలియదు. వాణ్ణి చూసి దేశం మెచ్చుకుంది. ఆ బహుమతి దేనికిచ్చినట్టు?

నిద్ర పట్టనివ్వనిది అది కూడా కాదు. టెలిగ్రాం వెళ్ళినా సెలవు ఇచ్చేవాళ్ళో లేదో, ఎవరికి తెలుసు? ఆ వంకతో చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాను. కానీ వాడు పది రోజులు ఎదురుచూసి ఉంటాడు కదా. ఉత్తరం అమ్మకి చేరింది, మేస్టారు చదివి ఉంటారు, అయినా అమ్మ నన్ను పిలిపించలేదు అనుకునే పైకి వెళ్ళి ఉంటాడు. అలా అనుకుంటూనే పోయాడా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నేను లేచి పచార్లు మొదలుపెడతాను. మా ఆవిడ ఏంటండీ అని అడుగుతుంది. ఏం లేదంటాను.

చెబుదామని రెండుసార్లు రైలెక్కాను. రెండుసార్లూ దారి మధ్యలో వేమూరులో దిగి వెనక్కి వచ్చేశాను. చెబితే ఆవిడకి మిగిలిన ఆ ధైర్యవంతుడైన కొడుకుని కూడా లాక్కున్నట్టే. చెప్పకపోతే, అమ్మా అని పిలిచిన అసలు కొడుకు ఆవిడకి ఎప్పటికీ చేరడు. రెండూ నా చేతుల మీదుగానే. నేను పిరికివాణ్ణి. కోటిని అనుకున్నాను గానీ, నేనే.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీ పని కాదు. ఆవిడ ముందు అనలేని మాట మీ ముందు అంటున్నాను, అంతే.

రాశాడు పిన్నిగారూ. ఇంటికి రావాలనుందని రాశాడు. పిలిపించమని మిమ్మల్నే అడిగాడు. నేను చదవలేదు.

ఇంతే. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టడానికి పదిహేనేళ్ళు పట్టింది. కాస్త ఊపిరి ఆడుతోంది.