నేను చెరిపేసిన ఎల్లారెడ్డి టేపు

దయ్యాలను నేను నమ్మను. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

బీడీ కార్మికుల వివరాలు దాచే కామారెడ్డి ఆఫీసులో ఒకప్పుడు యూనిక్స్ కంప్యూటర్ నేను చూసేవాణ్ణి. ఎల్లారెడ్డి శాఖలో రాములు చూసేవాడు. కంప్యూటర్ పాడైనా వివరాలు పోకుండా వారానికోసారి డిస్కులోని ఫైళ్లన్నీ టేపులోకి ఎక్కించాలి. ఎక్కించే ముందు రాములు ఒక చిన్న ఫైలు రాసుకునేవాడు. ఎక్కించాక దాన్ని టేపులోంచి వెనక్కి తీసి చూసేవాడు. అది వస్తేనే టేపు మీద చీటీ అంటించేవాడు.

ఒకసారి నా టేపు ఖాళీగా తేలింది. మీటింగుకు కామారెడ్డి వచ్చిన రాములు మా ఆఫీసరు సార్ ముందే అన్నాడు: "ఎక్కిస్తే అయిపోయిందా అన్నా? తిరిగి తీసి సూడాలె. ఉత్త చీటీ అంటిస్తే ఏమొస్తది?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆరేళ్లు అతనితో మాట్లాడలేదు. బస్టాండులో ఎదురైతే "రా అన్నా, చాయ్ తాగుదాం, ఇంకెన్నేండ్లు అలుగుతవ్?" అనేవాడు. నేను ముఖం తిప్పుకునేవాణ్ణి.

జ్వరంతో రాములు పోయాడు. ఎల్లారెడ్డి ఆఫీసు మూసి, కంప్యూటర్ వైర్లు పీకేశారు. అతని చివరి టేపు నా దగ్గరికి వచ్చింది. చనిపోయినవాడి మీద కూడా నా కోపం తగ్గలేదు. టేపు మొత్తం చెరిపేశాను. ఆ ఒక్కసారి మాత్రం తిరిగి తీసి చూశాను. ఖాళీ. చీటీ మీద ఎర్ర ఇంకుతో కొట్టేసి తేదీ వేశాను.

మొన్న లక్ష్మవ్వ అనే ఆమె ఆఫీసుకు వచ్చింది. ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టి, తర్వాత చాలా ఏళ్లు మహారాష్ట్రలో, భివండీలో ఉండి వచ్చింది. పాత రికార్డులో పేరు దొరికితేనే పింఛను. కాగితాలు చెదలు తినేశాయి. పాత మెషిన్ నడపడానికి రిటైరైన నన్ను పిలిచారు.

"రాములు సారు నా ముంగటే నా పేరు ఎక్కించిండు సారూ, జర సూడుండ్రి" అందామె.

నా ఎర్ర గీతలున్న టేపే పెట్టాను. ఖాళీ అని చెప్పడానికి నోరు రాలేదు.

పేర్లు వచ్చాయి. వరుసగా, అన్నీ. లక్ష్మవ్వ పేరు కూడా.

చివర రాములు చిన్న ఫైలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "సూసిన. మంచిగున్నది." దాని తేదీ నేను చెరిపిన మర్నాటిది. అప్పటికి రాములు పోయి తొమ్మిది రోజులు.

కంప్యూటర్ గడియారం తప్పు అనుకుందాం. మరి చెరిపిన టేపులో పేర్లెక్కడివి? నాకు తెలియదు.

లక్ష్మవ్వ కాగితం కళ్లకద్దుకుంది. "రాములు సారు కలిస్తే నేనడిగిన్నని చెప్పుండ్రి" అంది.

అతను బతికుండగా, చెప్పడానికి నాకు ఆరేళ్లు దొరికాయి.