షోలాపూర్‌లో చెయ్యి కడిగిన హరికిషన్

సిద్దిపేటలో అయినవాళ్ల ఇళ్లలో పెళ్లి ముచ్చట ఏది మొదలైనా బట్టల దుకాణం హరికిషన్‌ను వెంట తీసుకుపోవడం ఆనవాయితీ. పద్ధతులన్నీ ఆయనకు నోటికొచ్చు. పిల్ల తరపువాళ్లు పిలగాని ఇల్లు చూడబోతే చాయ్ తాగవచ్చు, సోంపు నమలవచ్చు. పళ్లెం ముందు కూర్చుని చెయ్యి కడిగారంటే మాత్రం పిల్లనిచ్చినట్టే. ఒకసారి చిన్నకోడూరులో బామ్మర్ది కర్ణాకర్ ఆకలికి ఆగలేక పూరీ తుంచబోతే, అందరి ముందూ మోచెయ్యి పట్టుకుని లేపుకొచ్చాడు.

అలాంటి మనిషి తన బిడ్డ శ్రీలేఖకు వచ్చిన సంబంధం చూడడానికి కర్ణాకర్‌ను వెంటబెట్టుకుని షోలాపూర్ బయల్దేరాడు. దుకాణం సగం నడిపేది శ్రీలేఖే.

“చూసి రా బాపు. మాట మాత్రం ఇయ్యకు. పిలగానితోని నేను మాట్లాడినంకనే ఏదైనా.”

“నీ మీద ఒట్టు బిడ్డా.”

ఒట్టు వెయ్యడం ఆయనకు కష్టం కాలేదు. ఆయన తాత పోచయ్య ఆ ఊరి మిల్లులో నూలు వడికి, దగ్గు వెంటబెట్టుకుని తిరిగొచ్చినవాడు. షోలాపూర్ అంటే ఇంట్లో పొగ, దుమ్ము, రాత్రంతా దగ్గు. చూడని ఊరిని తిట్టుకోవడంలో ఒక సుఖముంది. ఎన్ని ఊళ్లకు ఇట్లా పేరు చెడిందో! దేశం తిరిగేవాడికి అది అడుగడుగునా తెలుస్తుంది, ఇల్లు కదలనివాడికి ఎవరు చెప్తారు?

పొద్దున్నే బస్సు దిగితే పొగ లేదు. మిల్లులు మూతపడి ఏళ్లయింది. ఎత్తయిన చిమ్నీ అంచుల్లో చిలుకలు గూళ్లు పెట్టాయి. నల్లరాతి గోడల మీద కాగితపు పూల తీగలు ఎర్రగా పారాయి. చెరువు నిండా తెల్ల కొంగలు. కూరగాయల బండి దగ్గర ఒక ముసలమ్మ తెలుగులో బేరమాడుతోంది. సిద్దిపేట కూడా ఎప్పుడో వదిలేసిన మాటలు, ఆయన నాయినమ్మ మాటలు.

“కర్ణాకర్, మా తాత గీ ఊరినేనా తిట్టింది?”

“తాత మిల్లు లోపట ఉండె బావా. నువ్వు బయట తిరుగుతున్నవ్.”

హరికిషన్‌కు ఆ మాట వినబడలేదు.

పిలగాడు కౌశిక్ వాళ్ల ఇల్లు పాత మిల్లు కార్మికుల వాడలో, మేడ మీద. కిటికీ తెరిస్తే చిమ్నీ, దాని వెనక చెరువు. హరికిషన్ ఆ కిటికీ వదలలేదు. కౌశిక్ తల్లి పద్మమ్మ జొన్నరొట్టె, పల్లీల పొడి, నెయ్యి కారే తీపి భక్షాలు పెట్టి, చెంబు పట్టుకుని “రా అన్నా” అంది. ఆయన చేతులు చాచాడు. కర్ణాకర్ గట్టిగా దగ్గేలోపు కడుక్కోవడం, కూర్చోవడం, ఒక భక్షం తినడం కూడా అయిపోయింది.

పద్మమ్మ పక్కింటికి వినబడేలా కేకేసింది. “నవనీతా, కుంకుమ తే! వియ్యంకుడు చెయ్యి కడిగిండు!”

అప్పుడైనా నోరు విప్పవచ్చు. నోట్లో రెండో భక్షం ఉంది. నవ్వాడు.

తిరుగు బస్సులో, సంబంధం కుదిరిందటగా అని చుట్టాల ఫోన్లే ఫోన్లు. కర్ణాకర్ కిటికీ వైపు తిరిగి అన్నాడు. “నన్నైతే మోచెయ్యి పట్టి లేపినవ్. నిన్నెవడు లేపాలె బావా?”

దుకాణంలో శ్రీలేఖ చీరలు మడత పెడుతోంది. తలెత్తలేదు.

“తిన్నవట.”

“ఊరు మస్తుందే బిడ్డా. చెరువుంది, కొంగలు...”

“పిలగాడెట్లున్నడు?”

హరికిషన్ నోరు తెరిచాడు. కౌశిక్ ఎదురుగానే కూర్చున్నాడు, రొట్టె మీద పల్లీల పొడి వేసింది అతనే. ముఖం ఎంతకూ గుర్తుకు రాలేదు.

“చెరువుకిస్తవా నన్ను?”

ఆయన అక్కడే, చీర కొనను గిరాకీకొచ్చిన ఆవిడ ముందే, పద్మమ్మకు ఫోన్ చేశాడు. “అక్కా, తప్పు నాది. నా బిడ్డ పిలగాన్ని చూడకముందే చెయ్యి కడిగిన. దాన్ని మాట కింద పట్టకున్రి. పిల్ల వచ్చి మాట్లాడినంక...”

“సిద్దిపేటల అందరికి పద్ధతులు చెప్పేది నువ్వేనట గద అన్నా?” పద్మమ్మ గొంతు సన్నగా ఉంది. “వాడకట్టోళ్లందరి నోరు తీపి చేసిన. ఇప్పుడు ఇంటింటికి పోయి ఏం చెప్పాలె నేను?”

ఫోన్ పెట్టేసింది.

శ్రీలేఖ ఇంకో చీర అందుకుంది. “ఆదివారం నేను పోత. ఇంట్లకు రానియ్యకున్నా సరే, గడపకాడ నిలవడి రెండు మాటలు మాట్లాడి వస్త.”

“నేను గూడ...”

“నువ్వొద్దు బాపు. దుకాణంల కూసో.”

ఆయన కూర్చున్నాడు. గిరాకీ ఆవిడ నీలం చీర ధర రెండుసార్లు అడిగింది.