జింకలకు వేసిన చేను

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై ఇంట్లో కూర్చున్న ఏడాదికి నాకు సవతులు వచ్చారు. ఒకరిద్దరు కాదు, మంద. నాలుగు కాళ్లు, ఒంటి నిండా చుక్కలు.

పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలో మాకు రెండు చెక్కల నేల ఉంది. రోడ్డుకు దిగువన బోరు కింద ఎకరా. అందులో శనక్కాయ, టమోటా వేస్తాం. ఎగువన అడవిని ఆనుకొని అర ఎకరా. అది రాళ్ల నేల, ఎప్పుడూ బీడే. అడవిలోని జింకలు తెల్లవారేటప్పుడు రోడ్డు దాటి దిగువ చేలకు దిగుతాయి. మా ఆయన రిటైరయ్యే ఏడాది, పుంగనూరు నుంచి కుప్పం పోయే తొలి బస్సు కింద ఒక జింక పడింది. తోలుతున్నది ఆయనే. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. తర్వాత ఆ సంగతి ఎత్తనూ లేదు. కొన్నాళ్లకు ఎగువ చెక్కను దున్నించాడు. కావలసిన మేత అడవి పక్కనే దొరికితే జింకలు రోడ్డు దాటవు కదా అన్నాడు.

ఏం వెయ్యాలో తేలడానికి నెల పట్టింది. మా పెద్దమ్మాయి సంబంధానికి కూడా ఆయన ఇంతమందిని విచారించలేదు. రాగి వేద్దామంటే అటవీ శాఖ వాచరు చేతులు అడ్డం పెట్టాడు. "వద్దప్పా, రాగి వేస్తే ఏనుగులు దిగతాయి. నీ జింకలకు మిగిలేది లద్దెలే," అన్నాడు. శనక్కాయ వేస్తే పందులు తవ్విపోస్తాయి. జొన్న లేతగా ఉన్నప్పుడు వాన ముఖం చాటేస్తే విషమవుతుంది, మేసిన ఆవులే పడిపోతాయి. చివరకు ఉలవలు, అలసందలు ఖాయమయ్యాయి. గట్టు పొడవునా అవిసె. చెక్కను మూడు భాగాలు చేసి పదిహేను రోజుల తేడాతో విత్తాడు. ఒకటి ముదిరేసరికి ఇంకొకటి లేతగా అందాలట. మందు కొట్టకూడదు కాబట్టి పురుగును చేత్తో ఏరేవాడు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్క పూట చిక్కుడుకాయకు ఈనె తీసివ్వని మనిషి!

"యాలయ్యా ఇంత సేవ? అల్లునికి గూడా ఇంత మర్యాద సేయలేదే నువ్వు," అన్నాను.

"అల్లుడు రోడ్డు సూసుకొని దాటతాడు లేమ్మే," అన్నాడు.

వానలు బాగా పడ్డాయి. ఉలవ మోకాలెత్తు లేచింది. నెల గడిచినా ఒక్క జింకా రాలేదు. అవి మామూలుగానే రోడ్డు దాటి మా శనక్కాయ తిని పోతున్నాయి. ఆయన రోజూ పొద్దున్నే వెళ్లి గిట్టల గుర్తుల కోసం వంగి వంగి చూసి, ముఖం వేలాడేసుకొని వచ్చేవాడు. ఒకనాడు పక్క చేను రైతు ఇటుగా పోతూ ఆగాడు.

"అన్నా, జింకలకని వేసి, సుట్టూ చీరలు యాల కట్టినావు? పిలిసి తలుపేసుకున్నట్టు ఉండాదే!"

అప్పుడు చూసుకున్నాం. మా వైపు చేను మొలకెత్తగానే చుట్టూ కట్టెలు నాటి పాత చీరలు కడతారు. పందులు, జింకలు బెదరాలని. ఆయన అలవాటు కొద్దీ మూడో నాడే కట్టేశాడు. అవి నా చీరలే, అడిగినప్పుడు పెట్టెలోంచి ఏరి ఇచ్చిందీ నేనే. ఇద్దరిలో ఒక్కరికీ బుర్ర వెలగలేదు. రెండు రోజులు పడీ పడీ నవ్వాను. ఆయన చీరలన్నీ విప్పి, మడత పెట్టి, "నువ్వే కట్టుకో," అని నా ముందు పడేసి పోయాడు.

అయిదో నాటికి ఉలవ కొసలు తెగి ఉన్నాయి. కొడుకు పాసయ్యాడన్నట్టు ఆ కబురు మోసుకొచ్చాడు. మనిషి వాసన తగిలితే రావని ఇక ఎవరినీ అటు పోనివ్వలేదు, తానూ పోలేదు. దిగువ శనక్కాయలో మాత్రం రోజూ వెతికేవాడు. అక్కడ గుర్తులు తగ్గుతూ వచ్చి, ఒకనాటికి బొత్తిగా లేకుండా పోయాయి. ఆ వారం ఆయన కూనిరాగాలు తీయడం విన్నాను. వినడానికి బాగుండదు, కానీ నేనేమీ అనలేదు.

ఆ తర్వాత కంటి పరీక్షకు మదనపల్లెకు వెళ్తూ నాకు అప్పగింతలు పెట్టాడు. "దూరం నించి సూడు. దగ్గరికి పోవద్దు."

తెల్లవారగానే వెళ్లాను. రోడ్డు వైపు నుంచి పోతే కనబడతానని, తెలివిగా అడవి పక్క గట్టు చుట్టి వచ్చి పొద చాటున నిలబడ్డాను. ఎనిమిది ఉన్నాయి. ఒకటి పిల్ల. నిజం చెప్పాలంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇంత అందగత్తెలని ఆయన ఒక్కసారైనా చెప్పలేదే అనుకున్నాను. అంతలో వాటిలో పెద్దది పిందె పట్టిన ఉలవ తీగను నోటితో పట్టి పెరికింది. ఆ సాలులో కలుపు తీసింది నేను.

"ఏయ్! హోయ్! థూ, నీ కడుపు కాల!"

చేతులు చప్పట్లు కొట్టేశాయి. పచ్చని చేలో ఏ మూతి పడినా అరవడం నాకు ఆరేళ్ల వయసు నుంచీ అలవాటు. అడవి వైపు నేనున్నాను కదా, అవి ఎగిరి రోడ్డు మీదికే దూకాయి. లారీ హారను, ఆ వెంటనే బ్రేకు చప్పుడు.

ఎలా పరుగెత్తానో తెలియదు. లారీ రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. మోకాళ్ల మీద కూలబడి చక్రాల కింద చూశాను. ఏమీ లేదు. అవతల దిగువ చేలలో తెల్లని తోకలు ఎగురుతూ పోతున్నాయి. మొత్తం ఎనిమిదీ.

"పోయినాయి లేమ్మా, అన్నీ పోయినాయి," అన్నాడు డ్రైవరు. యాభై దాటిన మనిషి. నీళ్ల సీసా తీశాడు గానీ మూత తిప్పలేకపోయాడు. చేతులు అంతగా వణుకుతున్నాయి. నేనే తిప్పి ఇచ్చాను. తాగబోతే సగం చొక్కా మీద పడ్డాయి.

సాయంత్రం ఆయన వచ్చాక జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఎనిమిదీ దాటాయా అని రెండుసార్లు అడిగాడు. దాటాయన్నాను. తర్వాత నేను అడిగాను.

"ఆ పొద్దు జింక పడినప్పుడు నీ సేతులు గూడా అట్లనే వణికినాయా?"

"బస్సు నిండా జనం ఉండారుమే," అన్నాడు. "కుప్పం దాకా వణకతానే తోలినా."