షాఫ్టు మీద గీత

మా పాత లాంచీలోకి నీళ్లు ఊరుతున్నాయని ఈ రోజు దాన్ని ఒడ్డుకు లాగించాం. నీళ్లలో లాంచీని నడిపే ఫ్యానును తిప్పే ఇనప షాఫ్టు చుట్టూ, నీళ్లు లోపలికి రాకుండా బిగించే గ్రీజు తాడు మార్చడానికి మా ఆయన, నేను కూర్చున్నాం. షాఫ్టు తుడుస్తుంటే వెంట్రుకంత గీత కనిపించింది. గుడ్డతో ఎంత రుద్దినా పోలేదు. గోరు పెడితే దిగింది.

"ఏవండీ, ఇది పగులండీ."

ఆయన చాలాసేపు చూసి, దాని మీద గ్రీజు పూసేశారు.

"రేపు పెళ్లివారిని దాటించాక మారుద్దాంలే మేరీ. మాటిచ్చేశాను."

"బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు కదండీ, ప్రవాహం అటే లాగుతోంది. ఏటి మధ్యలో విరిగితే ఎటు పోతాం?"

ఆయన టీకి వెళ్లగానే షాఫ్టును ఇంజనుకు కలిపే బోల్టులు నాలుగూ పానాతో విప్పి, కొంగున కట్టుకుని ఇంటికొచ్చేశాను. ఇక లాంచీ కదలదని ధైర్యం వచ్చింది.

సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ వచ్చారు.

"బోల్టులు ఎక్కడో పడిపోయాయే. వన్‌టౌన్ బజారులో కొత్తవి దొరికాయి. బిగించి నీళ్లలోకి దింపేశాను."

అన్నం వడ్డించాను. ఆయన తింటుండగానే ఇదంతా రాశాను. ఇప్పుడు పెళ్లివారింటికి బయల్దేరుతున్నాను. పెళ్లికూతురి తల్లితో మొదటి మాట ఏమనాలో మీకెవరికైనా తోస్తే చెప్పండి.