గాలికి పోయిన కరెంటు

డబ్బాలకు ప్లాస్టిక్ మూతలు చేసే షెడ్డు నడుపుతుంది కాబట్టి ఆ వీధిలో అందరికీ ఆమె మూతలక్క. పని నేర్పింది మేనమామ. మిషన్ల మరమ్మతు ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉంది.

ఆ ఏడాది ఆర్డర్లు పెరగలేదు గానీ కరెంటు బిల్లు మాత్రం నెలనెలా పైకే పోయింది. కరెంటు ఆఫీసుకు వెళ్తే మీటరు సరిగ్గానే ఉందన్నారు. మిషన్లు అమ్మే ఆయన వచ్చి, చుట్టూ చూసి, పాతవన్నీ తీసేసి కొత్తవి కొనమన్నాడు.

"ముందు మా కడుపు నిండనివ్వండి, మీ కడుపు తర్వాత నింపుతాం" అని సాగనంపింది.

టెక్నికల్ కాలేజీ వాళ్ళు చిన్న కార్ఖానాలకు వచ్చి, కరెంటు ఎక్కడ వృథా అవుతోందో చూసిపెడతారని పక్క షెడ్డువాళ్ళు చెప్పారు. ఫోన్ చేస్తే ఒక మేడమ్ వస్తానంది. ఆ మాట వినగానే మేనమామ మొహం మాడ్చుకున్నాడు.

"నా పని మీద నమ్మకం పోయిందని సూటిగానే చెప్పొచ్చుగా, అమ్మాయీ."

"నీ పనిని చూసి కాదు మామయ్యా, బిల్లు చూసి భయపడుతున్నా."

ఆయన పానా అందుకుని మిషను కిందికి దూరాడు.

మేడమ్ వచ్చి, భోజనాల వేళ మూతల మిషన్లన్నీ ఆపించింది. షెడ్డు సద్దుమణిగింది. మూల ఉన్న కంప్రెసర్, అంటే మూతల్ని అచ్చుల్లోంచి బయటికి తోసే గాలిని నింపే మిషను, కాసేపు ఊరుకుని మళ్ళీ గుర్రుమంటూ మొదలైంది.

"అందరూ భోంచేస్తుంటే ఇది ఎవరికోసం పనిచేస్తోంది?" అంది మేడమ్.

లోపల గాలి తగ్గితేనే అది మొదలవుతుంది. ఎవరూ వాడకుండానే గాలి ఎక్కడో బయటికి పోతోందన్నమాట. గాలి పోయే ఆ బుసబుస మూతలక్క రోజూ వింటూనే ఉంది. షెడ్డన్నాక ఆ మాత్రం చప్పుడుంటుందిలే అనుకుంది.

గొట్టాల అతుకులకు సబ్బునీళ్ళు రాస్తే బుడగలొచ్చాయి. గోడ పైభాగంలోని గొట్టం మేడమ్‌కి అందలేదు. "పెద్దాయనా, కాస్త చూస్తారా?" అని అడిగింది. మేనమామ బింకంగానే నిచ్చెనెక్కాడు. పైనున్న అతుకుకు సబ్బునీళ్ళు రాశాడు.

"ఈ గొట్టం వేసింది నేనే. ఇక్కడ బుడగలు కాదు, నురగే వస్తోంది."

"అప్పుడు మనకున్నవి రెండే మిషన్లు కదా మామయ్యా. తర్వాత వచ్చినవన్నీ దానికే తగిలించాం. అది మాత్రం ఎంతకని మోస్తుంది?"

ఆయన దిగి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. అలిగాడనుకుంది మూతలక్క. మర్నాడు ఆమె తాళం తీయడానికి వచ్చేసరికి, కొత్త గొట్టాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

గొట్టాలు మార్చాక బిల్లు సగానికి సగం తగ్గుతుందని ఆమె ఆశపడింది. అంత తగ్గలేదు గానీ, ఊపిరి పీల్చుకునేంత తగ్గింది. వేడి బయటికి పోకుండా మిషన్లకు తొడుగులు వేయించమన్న సలహాను మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేశారు. మేడమ్ రెండోసారి వచ్చినప్పుడు మేనమామే వెంటబెట్టుకుని షెడ్డంతా తిప్పి చూపించాడు.

ఆ బుసబుస తగ్గి, లోపల ఇప్పుడు మరీ అరవకుండానే మాట్లాడుకోవచ్చు. మూతలక్క గొంతుకే అది ఇంకా అలవాటు కాలేదు. ఇంట్లో ఆమె నోరు తెరిస్తే చాలు, "పక్కనే ఉన్నానే" అంటాడు భర్త.