వీధికి పావుగంట

1968 జూలైలో, విజయనగరంలో చదువుకోవడానికి మారిషస్ నుంచి వచ్చిన యువకుడు మా ఇంటి వీధి గదిలో అద్దెకు దిగాడు. తాతల నాటి తెలుగు అతనికి కొద్దిగా వచ్చు. "ఏటి బాబూ, ఎక్కడికి?" అని అరుగుల మీద నుంచి ఎవరు అడిగినా ఆగి, ఆనాటి పాఠాలన్నీ వివరించేవాడు. రోజూ తరగతికి ఆలస్యమే. ఇంకొక్కసారి ఆలస్యమైతే పరీక్షకు కూర్చోనివ్వనని అధ్యాపకుడు హెచ్చరించాడు.

"అది ప్రశ్న కాదు, పలకరింపు. నవ్వి నడిచిపో, నాయనా," అన్నాను.

మరునాడు వేళకే చేరాడు. సాయంత్రం ఎదురింటి ముసలమ్మ శొంఠి కషాయంతో వచ్చింది.

"కుర్రోడికి ఒంట్లో బాగులేదేటి? పొద్దున్న నోరిప్పకుండా ఎల్లిపోనాడు!"

అతను బుద్ధిగా తాగేశాడు. అప్పటినుంచి పావుగంట ముందే బయలుదేరి, అందరికీ జవాబు చెప్పి, వేళకే తరగతిలో కూర్చునేవాడు. పరదేశం చదువుకు వెళ్లేవారు సలహా అడిగితే, వీధికి పావుగంట కేటాయించుకోమంటాను.