జగ్గమ్మ నాలుగు కోటలు

కళింగపట్నంలో ఎండుచేపలు అమ్మే జగ్గమ్మకు నాలుగు కోటలుండేవి. నాలుగూ ల్యాప్‌టాప్‌లోనే. కూతురు హేమ ఉద్యోగానికి వెళ్తూ ఇంట్లో వదిలేసిన పాత ల్యాప్‌టాప్ అది. జగ్గమ్మ సినిమాలు చూద్దామని తెరిచి, కోటలు కట్టి పక్కవాళ్ల కోటలు దోచుకునే ఆన్‌లైన్ గేములో పడింది.

ఒక్క కోటతో ఆడితే సైన్యానికి తిండి చాలదు. అందుకని వేరే పేర్లతో ఇంకో మూడు పెట్టింది. ఆ మూడూ పండించాలి, పెద్దకోట తినాలి. నాలుగూ ఒకేసారి తెరిస్తే ల్యాప్‌టాప్ రొప్పేది, అడుగున చెయ్యి పెడితే కాలేది. జగ్గమ్మ దాన్ని చేపల ఐసుపెట్టె మూత మీద పెట్టుకుని ఆడేది.

"ఆ ఐసు సేపలకా, నీ కోటలకా?" అని మొగుడు సూరయ్య వల బాగుచేసుకుంటూ అడిగేవాడు.

"నువ్వు తెచ్చిన సేపలకి అంత ఐసెందుకులే," అనేది.

ఆటలో ఆమెది ఒక జట్టు. దాని నాయకుడు ఉమాశంకర్‌కు పాతపట్నంలో ఎరువుల దుకాణం ఉంది. మనిషికి ఒకటే కోట అన్నది అతని నియమం. చిన్నకోటలు మూడూ తనవేనని జగ్గమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం చిన్నకోటల నుంచి పెద్దకోటకు ధాన్యం పంపబోతుంటే ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఒళ్లు మండి ఎడాపెడా నొక్కింది. ధాన్యం పంపే గుర్తు పక్కనే దాడి గుర్తు ఉంటుంది. ల్యాప్‌టాప్ తేరుకునేసరికి మూడు కోటల సైన్యాలూ వెళ్లి పెద్దకోట గోడ కూల్చేశాయి.

వెంటనే ఉమాశంకర్ ఫోను చేశాడు. అక్కని అప్ప అంటారక్కడ.

"అప్పా, నీ మీద ముగ్గురు పడిపోయినారు. ఎవులాళ్లు?"

"తెలీదు తమ్ముడూ. సిన్నకోటలు, పాపం. ఒగ్గేయ్."

"ఒగ్గేస్తే జట్టు పరువేటవుతాది? నువ్వు సూస్తుండు."

ఆమె చూస్తూనే ఉంది. జట్టంతా కలిసి మూడు కోటలనూ తగలబెట్టింది. అక్కడి ధాన్యమంతా దోచి, అప్పకి కానుకంటూ పెద్దకోటకు పంపింది. జట్టు వాట్సాప్ గ్రూపులో అందరికీ దండాలు పెట్టాక, జగ్గమ్మకు అన్నం సయించలేదు. ఉమాశంకర్‌కు ఫోను చేసింది.

"తమ్ముడూ, ఆ మూడూ నావే."



"అయితే నిన్ను నువ్వే కొట్టుకున్నావేటి?"

"నాను కాదు. ల్యాప్‌టాప్ కొట్టినాది."

ఉమాశంకర్ పడీపడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక నియమం ప్రకారం ఆమెను జట్టులోంచి తీసేశాడు. సూరయ్యకు జాలేసి, "పోన్లేయే, ఆట పోతే పోనీ," అన్నాడు. జగ్గమ్మ ఆ పూట అతనికి కూర వడ్డించలేదు.

కొన్నాళ్లకు ఉమాశంకరే మళ్లీ పిలిచాడు. ఒక్క కోటతోనే ఉంటానని జగ్గమ్మ ఒప్పుకుంది. ఆ మర్నాడే సూరయ్య పేరున ఇంకో కోట లేచింది. అతను వేటకెళ్లి సముద్రంలో ఉన్న రోజుల్లోనే అది బాగా ఆడుతుంది. అదెలాగని జట్టులో ఇంకా ఎవరూ అడగలేదు.